శేషయ్య తట్టిన తర్వాత

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్లకు కొదవ లేదు. శేషయ్య మాత్రం డెబ్బై ఏళ్ల బతుకులో ఒక్క బొమ్మ కూడా చెక్కలేదు. ఆయన పని రాతిని వినడం. క్వారీ నుంచి వచ్చిన బండను లారీ మీంచి దించగానే ఆయనకు కబురు వెళ్తుంది. పిడికెడంత సుత్తి పట్టుకుని వస్తాడు. బండ చుట్టూ తిరుగుతూ పైనా, పక్కలా, మూలల్లోనూ తడతాడు. కంచులా ఖంగుమంటే మంచి రాయి. ఎక్కడైనా పచ్చికుండ మీద కొట్టినట్టు చప్పగా మోగితే లోపల పగులో డొల్లో ఉన్నట్టు. అలాంటి రాయిలో దేవుణ్ణి చెక్కరు. పగిలిన విగ్రహానికి పూజ చెల్లదు.

ఆయన తట్టి "పలికింది" అన్నాక రాతి మీద పసుపునీళ్లు చల్లుతారు. ఆ నీళ్లు పడ్డాక ఇంకెవ్వరూ ఆ రాతిని తట్టి వినకూడదు. అది అక్కడి కట్టుబాటు. శేషయ్య తర్వాత మళ్లీ తట్టడమంటే ఆయన్ను అనుమానించడమే. నలభై ఏళ్లలో ఎవరూ ఆ పని చెయ్యలేదు, చెయ్యాల్సిన అవసరమూ రాలేదు.

నా పేరు శాంసన్. నంద్యాల దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ని. మా ల్యాబ్‌లో రెండు పరికరాలున్నాయి. ఒకటి లేజరుతో వస్తువు పైభాగాన్నంతా చదువుతుంది. తలవెంట్రుకంత గీతను కూడా వదలకుండా కంప్యూటర్లో నిండు బొమ్మ కడుతుంది. రెండోది మన చెవికి అందని ధ్వనిని ఒకవైపు నుంచి రాతిలోకి పంపి రెండోవైపు అందుకుంటుంది. పగులున్న చోట ధ్వని చుట్టు తిరిగి ఆలస్యంగా వస్తుంది, ఆ చోటు తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. రెండూ కలిపితే ఎంత నల్లరాయి అయినా గాజుముక్క అయిపోతుంది. ఎటు కావాలంటే అటు తిప్పి లోపలికి తొంగిచూడొచ్చు. వాటి మీద పేపర్లు రాసుకునేది ప్రొఫెసర్లు, వాటిని నడిపేది నేను. ఆ సంగతి ఎదుటివాళ్లకు ఎక్కడ తెలియకుండా పోతుందోనని నాకెప్పుడూ ఒక తాపత్రయం. అంత పొగరు నాది.

పోయిన ఏడాది ప్రవీణ్ ఫోన్ చేశాడు. మా కాలేజీలోనే చదివి, వాళ్ల నాయన పోయాక ఆళ్లగడ్డలో శిల్పశాల నడుపుతున్నవాడు. పాణ్యం అవతల ఒక ఊరివాళ్లు గుడి కట్టుకుంటూ ఏడడుగుల గరుత్మంతుణ్ణి చెక్కమని అతనికి అప్పగించారు.

"అన్నా, నీ మిషన్ తెచ్చి బొమ్మ తియ్యి. అది తట్టేది కాదు గదా, కట్టు తప్పినట్టు కాదు. ఊరోళ్లకు చూపిస్తే మన రాయి ఎట్లాంటిదో తెలుస్తాది" అన్నాడు. పరికరాలు కారులో వేసుకుని వెళ్లాను.

నేను వెళ్లేసరికి ఒక కొత్త బండ దిగి ఉంది. శేషయ్య దాన్ని తడుతున్నాడు. బండకు అటువైపు, ఆయనకు ఎదురుగా, ఆయన భార్య అంకమ్మ పసుపునీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది. నేను చేతులు కట్టుకుని ఈ తతంగమేదో చూద్దామని నిలబడ్డాను. నా కళ్లు చిన్నవాటిని పట్టడానికి అలవాటు పడ్డాయి. కాసేపటికి ఒక విషయం పట్టాయి. శేషయ్య తడతాడు, తట్టాక ఒక్క క్షణం చెంబు వైపు చూస్తాడు. అది అంకమ్మ కుడిచేతిలో ఉంటే ముందుకు జరుగుతాడు. ఒక మూల దగ్గర మాత్రం చెంబు ఎడమచేతికి మారింది.

"ఈ మూల చచ్చినాది. ఎనక్కి పంపు" అన్నాడు శేషయ్య.

నా పరికరం పెట్టి చూస్తే సరిగ్గా అక్కడే అరచేతంత ఎరుపు. పనివాళ్లు ఈలలు వేశారు. "చూసినావా అన్నా! నువ్వు గంట తిప్పితివి, మా తాత ఐదు నిమిషాల్లో చెప్పే" అని ప్రవీణ్ నన్ను ఆటపట్టించాడు. నేను ఊరికే నవ్వాను. వెనక నుంచి ఎవరు పిలిచినా శేషయ్య తిరగడం లేదనీ, అంకమ్మ మోచేయి తాకితేనే తిరుగుతున్నాడనీ అప్పటికే గమనించాను. ముసలాయనకు చెవులు లేవు, వింటున్నది ఆమె. పొడుపుకథ విప్పినవాడిలా లోలోపల మురిసిపోయాను.

తర్వాత గరుత్మంతుడి దగ్గరికి వెళ్లాం. నాలుగు నెలల పని. ముక్కు, మడిచిన రెక్కలు, జోడించిన చేతులు అన్నీ వచ్చేశాయి, నగిషీ మిగిలింది. ప్రవీణ్, పనివాళ్లు నా వెనక మూగి తెర చూస్తున్నారు. లేజరు బొమ్మ అద్దంలా వచ్చింది. రెండో పరికరం పెట్టగానే ఎడమ రెక్క మొదట్లో ఒక ఎర్రగీత మొదలై, రొమ్ములోంచి దిగి, జోడించిన చేతుల దాకా వచ్చింది.

"ఇంకోసారి తియ్యన్నా" అన్నాడు ప్రవీణ్. మూడుసార్లు తీశాను. మూడుసార్లూ అదే గీత.

గ్రైండర్లు ఆగిపోయాయి. ఎవరూ శేషయ్య వైపు చూడలేదు, చూడకూడదు కదా. తప్పు ఎక్కడో ఒకచోట వాలాలి. ప్రవీణ్ మొహం మాడ్చుకుని, "అవ్వను రాతికాడికి రానీయొద్దని మా నాయన బతికున్నప్పుడే అంటాండె. ఆడమనిషి ఎదురుగా నిలబడితే రాయి యాడ నిలుస్తాది?" అన్నాడు. అందరూ తలూపారు. బరువు దిగినట్టు ఊపారు.

అంకమ్మ మొగుడి వైపు చూసింది. ఆయనకు ఆ మాటలు వినపడి ఉండవు. కానీ అందరి మొహాలూ ఆమె వైపు తిరగడం చూశాడు. అది అర్థం కావడానికి చెవులక్కర్లేదు. ఆయన తలవంచుకుని సుత్తిని గుడ్డలో చుట్టుకున్నాడు. అంకమ్మ చెంబు నేల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

నాకు తెలుసు. ఆ పనిశాలలో వాళ్లిద్దరూ కాక నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క మాట అంటే సరిపోయేది. నేను వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను. వాళ్ల ఊరు, వాళ్ల దేవుడు, మధ్యలో నాకెందుకని సర్దిచెప్పుకున్నాను. బయలుదేరేముందు ప్రవీణ్ రిపోర్టు కావాలన్నాడు. పగులు మొదటినుంచీ ఉందా, పనిలో వచ్చిందా అన్నది పాణ్యం అవతలి పెద్దమనుషులకు తేల్చి చెప్పాలట. విగ్రహం అడుగున పగులు పైకి తేలినచోట ఒక చిన్న రాతిపెళ్ల తీసుకుని వచ్చేశాను.

పది రోజులకు శేషయ్య బస్సెక్కి నంద్యాల వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన కొత్త తువ్వాలు. ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"నా రాయి సూపిస్తావా అప్పా?" అన్నాడు.

కూర్చోమని గట్టిగా అరిచాను. వరండాలో పోతున్న పిల్లలు లోపలికి తొంగిచూశారు. ఆయన మొహం చిన్నబోయింది. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి నా ముందు పెట్టి, "అరవద్దు నాయనా, రాయి" అన్నాడు. అప్పటినుంచి నేను రాయడం, ఆయన చదువుకుని మాట్లాడడం.

పెళ్ల బొమ్మను తెర మీద పెట్టాను. గోరంత రాయి తెరనిండా కొండలు, లోయలుగా పరుచుకుంది. కొత్తగా విరిగిన రాతిలో అంచులు కత్తుల్లా నిలబడతాయి. ఇందులో అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి, లోయలో తెల్లటి పొర పేరుకుని ఉంది. అంటే ఈ బండ కొండలో ఉన్ననాడే, మనుషులెవరూ ముట్టుకోకముందే, పగులు ఉంది. ఇదంతా నోటుబుక్కులో రాశాను. ఆయన పెదవులు కదుపుతూ చదివాడు. తెర మీద లోయ వెంబడి వేలు పెట్టి జరుపుకుంటూ పోయాడు.

"ఇంత సన్నందానికా అప్పా, అంత పెద్ద రాయి మూగపోయేది!" అన్నాడు. వేలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మాట్లాడడం మొదలుపెట్టాక ఆపలేదు.

"నేను మా మామ కాడ నేర్చుకున్యా. ఆయన కూతురే అంకమ్మ. పుట్టినకాడి నుంచి రాళ్లు ఇంటా పెరిగింది. నీకంటే దాని చెవి మంచిదిరా అని మా మామ అంటాంటే నేను నవ్వుతాంటి. గ్రైండర్లు వచ్చినాక నా చెవుల్లో ఒకటే హోరు. ఒకపొద్దు రాయి తడితే చేతికి తెలిసింది, చెవికి తెలీలా. ఇంటికి పోయి ఆమె ముందర ఏడ్సినా. ఆమె చెంబు పట్టుకోని నా యెంట వచ్చింది. ఆరేండ్లు ఆ చెంబు సూసి బతికినా."

"గరుత్మంతుడి రాయి రోజు ఏమైంది?" అని రాశాను.

"ఎడమ చేతికి మార్సింది. నేను సూసినా అప్పా. బాగా సూసినా." ఆయన తువ్వాలు అంచును మెలిపెడుతున్నాడు. "ఆపొద్దు పాణ్యం కాడి పెద్దమనుషులంతా వచ్చిండ్రి. అందరూ నన్నే సూస్తాండారు. నా చేతికి రాయి మంచిగానే తగిలినట్టుండె. ఒక్కసారన్నా నా అంతట నేను చెబుదామనిపించె. పలికింది అన్యా. చెడ్డ రాయని తెలిసిన మనిషి చేతనే పసుపునీళ్లు చల్లించినా."

ఆయన తలెత్తలేదు. నేనూ కాగితం వైపే చూస్తున్నాను.

"ఒక మాట రాస్తావా అప్పా? నేను తట్టినపొద్దు రాయి బాగుండె, యెనక క్రేనుతో లేపేటప్పుడు పగిలిందని రాయి. ఎవురి తప్పూ కాకుండా పోతాది. అంకమ్మ మీద పడిన మాట గూడ పోతాది."

పెళ్ల బొమ్మ తెర మీదే ఉంది. ఆ అరిగిన అంచులు చూస్తూ ఆ మాట రాయడం కుదరదని నాకు తెలుసు. ఎవరు చూస్తారు గనక? ప్రొఫెసరు సంతకం పెట్టి పంపిస్తాడు. నేను కొలిచాక ఇంకెవరూ కొలవరు, ఆళ్లగడ్డలో ఆయన తట్టాక ఇంకెవరూ తట్టనట్టే. నోటుబుక్కులో "రాస్తాను" అని రాశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆయన వెళ్లాక చాలాసేపు నేనెంత మంచివాణ్ణో అని మురిసిపోతూ కూర్చున్నాను.

మర్నాడు అంకమ్మ వచ్చింది. గేటు దగ్గర అడిగి, రెండంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ నిలబడింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నువ్వేనా రాస్తానన్యది?"

"కూచో పెద్దమ్మా."

"మా ఆయన పది పొద్దులకు నిన్న కడుపునిండా అన్నం తిన్యాడు. ఏందని అడిగితే చెప్పినాడు. నిజమేనా?"

"అందరికీ మంచిదే కదా పెద్దమ్మా. నీ మీద పడిన మాట కూడా పోతుంది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏందీ పోయేది? తట్టినపొద్దు రాయి బాగుండె అని రాస్తే, నేను ఇన్యది తప్పయిపోతాది గదా! నాకు రాయి ఇనపడతాదని నేను యాడా చెప్పుకోలేదు. మా నాయనకు తెలుసు, ఆయన పోయినాడు. మా ఆయనకు తెలుసు, ఆయన చెప్పడు. ఇంగ తెలిసింది నీ మిషన్‌కే. దాని చేత గూడ అబద్ధం చెప్పిస్తావా నాయనా?"

ఏం చెయ్యాలో తెలియక గరుత్మంతుడి బొమ్మ తెరిచాను. ఆ రోజు తెర మా వైపు తిరిగి ఉంది, ఆమె దాన్ని చూడలేదు. లోపలి ఎరుపు ఇంకా రానేలేదు, వట్టి బూడిదరంగు ఆకారం మాత్రమే ఉంది. ఆమె దగ్గరికి వచ్చి వేలు పెట్టింది.

"బండగా ఉన్నెప్పుడు ఇన్యా. ఈడ మొదులు. ఇట్ల లోపలికి దిగి, ఈ చేతులకాడ ఆగిపోతాది."

నేను మీట నొక్కాను. ఎర్రగీత ఆమె వేలి కిందనుంచి లేచి, ఆమె చూపిన దారినే వెళ్లి, ఆమె చెప్పినచోటే ఆగింది. పదేళ్లుగా పరికరాల మధ్య బతుకుతున్నవాణ్ణి. ఈ మనిషిని ఆ రోజు పనిశాలలో అందరూ మెడపట్టి గెంటినంత పని చేస్తుంటే వైర్లు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు ఆమె విన్న ఆ ఒక్క నిజాన్ని కూడా నా చేత్తో చెరిపేయబోయాను.

"ఉన్నదున్నట్టే రాస్తాను పెద్దమ్మా" అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది.

రిపోర్టు రాశాను. ప్రొఫెసరు చదవకుండానే సంతకం పెట్టాడు. ఆ మాట శేషయ్యకు ముందే చెప్పాల్సింది. ఫోన్ చేస్తే ఆయనకు వినపడదు కదా అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. వెళ్లి చెప్పడానికి ఆళ్లగడ్డ ఎంత దూరమని? గంట ప్రయాణం. ఆయన మొహం చూడలేక వెళ్లలేదు.

ఆ ఆదివారం పనిశాలలో అందరూ చేరారు. పాణ్యం అవతలి నుంచి నలుగురు పెద్దమనుషులు, ప్రవీణ్, పనివాళ్లు. శేషయ్య ఎదురుగా ఒక బండ మీద కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తి పలకరించాడు. అంకమ్మను లోపలికి రావద్దన్నారు గనక గేటు బయట నిలబడింది.

నేను కాగితం తీసి చదివాను. పగులు పాతదని, రాయి కొండలో ఉన్ననాటిదని, తట్టినరోజు కూడా ఉందని చదివాను. చదువుతున్నంతసేపూ శేషయ్య నా మొహమే చూస్తూ తలూపుతున్నాడు. చదవడం అయ్యాక అందరూ ఆయన వైపు తిరిగారు. తన వంతు వచ్చిందనుకున్నాడు. లేచి నిలబడి, చెవులు లేనివాళ్లు మాట్లాడేంత గట్టిగా అన్నాడు.

"ఆయప్ప చదివిందే నిజం! మిషన్ అబద్ధం చెప్పదు!"

ఆయన నవ్వుతూ ఒక్కొక్క మొహమూ చూసుకుంటూ వచ్చాడు. ఎవరి మొహంలోనూ ఆయన అనుకున్నది లేదు. నవ్వు ఆపాలో ఉంచాలో తెలియక అలాగే నిలబడ్డాడు. ప్రవీణ్ "తాతా" అని ఏదో అనబోయి ఆగిపోయాడు. నేను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాను.

అంకమ్మ గేటు తోసుకుని లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. మొగుడికి ఎదురుగా నిలబడి, పెదవులు చూసి తెలుసుకునేటట్టు నిదానంగా చెప్పింది.

"పగులు పాతదే అని రాసినాడు. నేనే రాయమన్యా."

శేషయ్య నా వైపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది. నేను తల దించేసుకున్నాను. ఆయన తువ్వాలు భుజం మీంచి తీసి చేతుల్లో పట్టుకుని, ఈసారి చిన్నగా మాట్లాడాడు.

"నాకు చెవులు లేవు. ఆరేండ్లాయ. రాయి ఇనేది అంకమ్మ. ఇది చెడ్డరాయని ఆపొద్దే చెప్పింది. నేను ఆమె మాట దాటి పలికింది అన్యా. మీరంతా ఆమెను ఆ మాటన్యపొద్దు గూడ ఈడ్నే ఉండి నోరెత్తలా."

"ఆరు కాదు, తొమ్మిది" అంది అంకమ్మ. ఆయనకు తెలిసేలా తొమ్మిది వేళ్లు చూపించింది.

ఆయన ఆ వేళ్ల వైపు చూశాడు. అంతా ఒప్పుకుంటూ కూడా మూడేళ్లు తన పేరున ఉంచుకోబోయాడు. నాతోనూ ఆరనే చెప్పాడు. "తొమ్మిదే" అని తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

పెద్దమనుషుల్లో ఒకాయన, "మరి ఆపొద్దే మాతో చెప్పొచ్చు గదమ్మా నువ్వు?" అన్నాడు.

"మీరు నన్ను అడిగితిరా?" అంది ఆమె. ప్రవీణ్ కళ్లు నేల మీదే ఉన్నాయి.

కాసేపటికి ఆ పెద్దాయనే నా దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా నా వీపు తట్టాడు. "ఇంతమందిలో నువ్వొక్కడివే అప్పా నిక్కమైనోడివి. ముసలాయన్ను చూసి జాలిపడి ఇంకొకడైతే ఒక మాట అటూ ఇటూ మార్చి రాసుండేవాడు" అన్నాడు.

శేషయ్య తువ్వాలు దించి, ఆ పెద్దాయన నాతో ఏమంటున్నాడో తెలియక అంకమ్మ వైపు చూశాడు. ఆమె పెదవులు కదిపి ఆయనకు ఆ మాట చెప్పింది. నేను ముందు ఏం రాస్తానని మాటిచ్చానో ఆ ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ నా వైపు చూశారు. ఎవరో ఒకరు ఆ మాట ఇప్పుడే అనేస్తారని ఎదురుచూశాను. అంటే బాగుండునని కూడా అనిపించింది. వాళ్లు ఏమీ అనలేదు. అంకమ్మ మొగుడి మోచేయి పట్టుకుని గేటు వైపు నడిపించింది.

నేను ఆ పెద్దాయనకు చేతులు జోడించి, "మా పనే అది కదా సార్" అన్నాను.